కోడి కూసేదాకా మంగళవారమే

రేఖ మొదటిసారి అప్పలసూరి షాపుకి వచ్చినప్పుడు జోరుగా వాన కురుస్తోంది. ఆమె దగ్గర గొడుగుంది. కాకపోతే ఆ గొడుగు ఆమె తల మీద లేదు, చంకన పెట్టుకున్న సీపీయూ మీద ఉంది. జడలోంచి నీళ్లు ధారగా కారుతున్నా లెక్కచెయ్యకుండా పెట్టెని బల్ల మీద దించి, పది నిమిషాలు పనిచేసి ఆగిపోతోందనీ, సాయంత్రానికల్లా బాగుచేసి ఇవ్వాలనీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో సూరి కంప్యూటర్ రిపేర్ షాపు పెట్టి నాలుగేళ్లయింది. పొగలొచ్చిన పెట్టెలు, బల్లులు కాపురం పెట్టిన పెట్టెలు, పెరుగన్నం ఒలికిన పెట్టెలు అన్నీ చూశాడు. ఈ పెట్టె మూత తీశాక మాత్రం టార్చి వేసి మళ్లీ చూశాడు. లోపలి ఫ్యాను రెక్కలకి పసుపు ముద్ద ఎండి గట్టిపడిపోయి ఉంది. దాని మీద కుంకుమ కూడా ఉంది.

"దీనికి పెళ్లి సేసినారేటండి?" అని అడిగాడు.

"దసరా పూజ. మా నాన్న సేసినాడు," అంది రేఖ నవ్వకుండా. "గుళ్లకి రాసినట్టే దీనికీ పసుపు రాసినాడు. పక్కన కన్నాలు కనపడితే అందులోకీ కూరినాడు."

అప్పుడు అర్థమైంది సూరికి ఆమె ఎవరో. ఆ చుట్టుపక్కల గణపతిరావు పేరు తెలియనివాళ్లు లేరు. తప్పెటగుళ్ల జట్టుకి గురువు ఆయన. పదిహేనుమంది మగాళ్లు గుండె మీద గుళ్లనే గుండ్రటి రేకు వాద్యాలు కట్టుకుని, కాళ్లకి గజ్జెలు వేసుకుని, గ్రామదేవత సంబరాల్లో రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఉంటారు. వాళ్లు ఆడని సంబరం సంబరమే కాదని పెద్దవాళ్లంటారు. ఆ గణపతిరావు కూతురే ఈ తడిసిన పిల్ల. విజయనగరంలో ఎంసీఏ చదివింది.

ఫ్యాను కడిగి ఆరబెట్టి బిగించడానికి గంట చాలు. సూరి ఆ పెట్టెని నాలుగు రోజులు ఉంచుకున్నాడు. రేఖ రోజూ వచ్చి అడిగేది, సూరి రోజూ ఒక కొత్త జబ్బు పేరు చెప్పేవాడు. నాలుగో రోజున ఆమె స్క్రూడ్రైవర్ తనే తీసుకుని పెట్టె బిగించేసుకుంది. అబద్ధాలు చెప్పేవాడికి జ్ఞాపకం ఉండాలనీ, మొన్న పోయిందన్న భాగమే ఇవాళ మళ్లీ పోయిందనకూడదనీ చెప్పి మరీ వెళ్లింది. అలా మొదలైంది వాళ్ల స్నేహం.

ఆమెకి ఆ కంప్యూటర్‌తో ఒక పనుంది. ఆ చుట్టుపక్కల పదకొండు జట్లున్నాయి. సంబరాల కాలం వస్తే ఊరి పెద్దలు జట్టు కోసం బళ్ల మీద ఊరూరా తిరుగుతారు. ఒక జట్టుకి ఒకే రాత్రికి మూడు పిలుపులొస్తాయి, ఇంకో జట్టు ఆ రాత్రి ఇంట్లో పడుకుంటుంది. ఏ జట్టు ఏ రాత్రి ఖాళీగా ఉందో ఎవరైనా ఫోన్‌లో చూసుకుని పిలుచుకునేలా ఒక వెబ్‌సైట్ చెయ్యాలని రేఖ ఆలోచన. సూరి విన్న వెంటనే నేనూ చేస్తానన్నాడు. వెబ్‌సైట్ మీద మోజెంతో, రేఖ మీద ఎంతో అప్పటికి అతనికే తెలియదు.

మొదటి రోజే ఏ కంప్యూటర్ భాషలో రాయాలన్న దగ్గర తగువొచ్చింది. రేఖ పైథాన్ అంది. రాసిన ఆర్నెల్లకి చూసుకున్నా మనం రాసింది మనకి అర్థమవుతుందని ఆమె వాదన. సూరి పీహెచ్‌పీ అన్నాడు. తక్కువలో దొరికే సర్వర్లన్నీ దానికే పనిచేస్తాయి, తప్పొస్తే చెప్పేవాడు వీధికొకడు దొరుకుతాడని అతని వాదన.

"నీ పీహెచ్‌పీ సంతలో దొరికే సెప్పుల్లాంటిది. అందరి కాళ్లకీ పడతాది, ఎవుల కాలికీ సరిపోదు," అంది రేఖ.

"సెప్పులు సరిపోకపోయినా నడుస్తారు. నీది ఇంకా సెప్పులు కుట్టించుకోడానికే వారం పడతాది," అన్నాడు సూరి.

చివరికి పందెం వేసుకున్నారు. పేరు, ఊరు, తేదీ రాస్తే దాచుకునే ఒక్క పేజీ. ఎవరిది ముందు ఇంటర్‌నెట్‌లో కనిపిస్తే వాళ్ల మాటే చెల్లుతుంది. సూరిది రెండో రోజుకి కనిపించింది. రేఖది ఆమె కంప్యూటర్‌లో మూడో రోజుకే ముచ్చటగా నడిచింది గానీ, వాళ్లు తీసుకున్న సర్వర్ మీద ఎంత పోరినా కదల్లేదు. ఓడిపోయానని ఆమె మర్యాదగానే ఒప్పుకుంది. ఆ తరవాత సూరి రాసిన కోడ్ అంతా చదివి, చదివినందుకు తలనొప్పి మాత్ర వేసుకుని, మొత్తం తీసేసి మళ్లీ తన పద్ధతిలో రాసింది. భాష సూరిది, రాత రేఖది.

సైటు పూర్తయ్యేసరికి మాఘమాసం వచ్చింది. సూరికి ఆ మూణ్ణెల్లూ మూడు రోజుల్లా గడిచాయి. రేఖ కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు పెన్ను కొప్పులో గుచ్చి మరిచిపోయేది. మళ్లీ ఆ పెన్ను కోసమే షాపంతా వెతికేది. సూరి చెప్పేవాడు కాదు, చూస్తూ కూర్చునేవాడు. ఆ పిల్ల లేకపోతే తన షాపుకి కరెంటు లేనట్టేనని అతనికి బాగా తెలిసిపోయింది. చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. మదర్‌బోర్డు మీద వెంట్రుకంత తీగని చెయ్యి వణక్కుండా అతికించే మనిషి, ఒక్క మాట చెప్పాలంటే చెమటలు కక్కేవాడు.

చైత్రంలో సంబరాలు మొదలయ్యాయి. ఊళ్ల పెద్దలు కొందరు ఫోన్‌లో తామే రాసుకున్నారు, కొందరు షాపుకి వచ్చి సూరి చేత రాయించుకున్నారు. ముప్ఫై పిలుపులు చక్కగా జరిగిపోయాయి. ముప్ఫై ఒకటోది కొంప ముంచింది.

ఆమదాలవలస వైపు ఒక ఊరికి నారాయణమ్మ సర్పంచి. మంగళవారం అమ్మవారి సంబరానికి గణపతిరావు జట్టే కావాలని షాపుకి వచ్చి రాయించుకుంది. సైటు గణపతిరావు ఫోన్‌కి సోమవారం మెసేజ్ పంపింది, ఈ రాత్రి పదకొండుకి బయల్దేరాలని. సైటు చెప్పిందంటే తిరుగులేదని నమ్మిన ఆయన పదిహేనుమందినీ వ్యాన్‌లో ఎక్కించుకుని వెళ్లాడు. వెళ్లేసరికి ఊరు ఊరంతా పడుకుని ఉంది. గజ్జెల చప్పుడుకి లేచిన కుక్కలు తప్ప పలకరించినవాళ్లు లేరు. పండగ వాయిదా వేసుకుని కబురు చెయ్యలేదని తిట్టుకుంటూ తిరిగొచ్చి, మంగళవారం సాయంత్రం రామతీర్థం పక్క ఊరి పెద్ద నరసింగరావు గారి పిలుపు ఉంటే అక్కడికి వెళ్లిపోయారు. అదే రాత్రి నారాయణమ్మ ఊరు ఊరంతా పందిట్లో కూర్చుని జట్టు కోసం ఎదురుచూసింది. అమ్మవారి ఎదట గుళ్లు మోగకుండానే తెల్లారిపోయింది.

బుధవారం పొద్దున్నే గణపతిరావు స్వయంగా ఆ ఊరు వెళ్లి, పందిట్లో నిలబడి దండం పెట్టి వచ్చాడు. ముప్ఫై ఏళ్లలో మాట తప్పడం ఆయనకి అదే మొదలు. వచ్చాక రేఖనీ సూరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. గట్టిగా అరిచినా బాగుండేదనిపించింది సూరికి.

"శుక్రవారం పదకొండు జట్ల గురువులూ మనింటికి వస్తారు. తప్పెక్కడుందో ఆల ముందు సెప్పండి. సెప్పలేకపోతే అది మూసీండి," అన్నాడు ఆయన. "మనిషి మాట తప్పితే తిట్టగలం. మిషను మాట తప్పితే ఎవుల్ని తిడతాం?"

రేఖకి అప్పటికే చెన్నైలో ఉద్యోగం కాగితం వచ్చి ఉంది. సోమవారం చేరాలి. సైటు నిలబడితే వెళ్లనని అనుకుంది. మూతపడితే ఇక్కడ తనకి పనేముందని, బట్టలు సర్దుకోవాలని ఆ సాయంత్రం సూరితో చెప్పింది. సూరి తలూపాడు. లోపల ఏదో ఫ్యూజు పోయినట్టయింది.

రెండు రోజుల పాటు వెతికారు. ఒక రోజు తేడా వచ్చిందంటే గడియారంలోనే తప్పుండాలి. సైటు ఉండే సర్వర్ అమెరికాలో ఉంది కాబట్టి అక్కడి టైము లెక్కేసిందని రేఖ అనుమానం. చూస్తే అది మన టైములోనే ఉంది. షాపు కంప్యూటర్లో గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ పోయిందని సూరి అనుమానం. కొత్తది వేశాడు. పాతదీ బాగానే ఉంది. గడియారాలు తప్పయితే ముప్ఫై పిలుపులు సరిగ్గా ఎలా జరిగాయన్నది ఇద్దరికీ అంతుపట్టలేదు. నారాయణమ్మకి ఫోన్ చేశారు. మంగళవారం రెండు గంటలకనే రాయించానని ఆవిడ ఖరాఖండీగా చెప్పింది. సైటులో చూస్తే మంగళవారం రెండు గంటలనే ఉంది. చెప్పినావిడ తప్పు చెప్పలేదు, రాసినవాడు తప్పు రాయలేదు, మిషను తప్పు చదవలేదు. మరి తప్పెక్కడ జరిగినట్టు?

గురువారం సాయంత్రానికి ఇద్దరికీ ఓపిక నశించింది. ఇదంతా పీహెచ్‌పీ నిర్వాకమేననీ, రాత్రికి రాత్రి మొత్తం పైథాన్‌లో మళ్లీ రాస్తాననీ రేఖ అంది.

"ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామా?" అన్నాడు సూరి. "తప్పు తెలీకుండా భాష మారిస్తే, తప్పు కూడా కొత్త భాష నేర్సుకుంటాది."

"నీకు నీ పీహెచ్‌పీయే ముఖ్యం."

"నాకేటి ముఖ్యమో నీకు తెలీదు."

"సెప్పితే కదా తెలిసీది."

సూరి స్క్రూడ్రైవర్ తీసి, బిగిసే ఉన్న స్క్రూనే మళ్లీ బిగించాడు. రేఖ కాసేపు చూసి, కొప్పులో పెన్ను తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ పెన్ను వంక చూస్తూ తనంత చవట చుట్టుపక్కల జిల్లాల్లో ఉండడని సూరి తీర్మానించుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న సూరి పెరట్లో పళ్లు తోముకుంటుంటే అతని మామ్మ మరిడమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. తల్లీ తండ్రీ లేని సూరిని పెంచింది ఆవిడే. బొబ్బిలి నుంచి ఒక సంబంధం వచ్చిందనీ, పంతులుగారు వస్తారనీ, జాతకం చూపిద్దామనీ అంది. సూరికి ఆ మాటలు చెవికెక్కలేదు.

"ఆదివారం రాత్రి మూడు గంటలకి పుట్టినావు. పంతులికి అలాగే సెప్తాను," అంది మరిడమ్మ.

నోట్లో బ్రష్షుతోనే సూరి సోమవారమని దిద్దాడు. తన పుట్టిన తేదీ ఏ వారమైందో కంప్యూటర్‌లో ఎప్పుడో చూసుకున్నాడు.

"నీ కంప్యూటరు నిన్ను కన్నాదేటి? ముందు నిన్నెత్తుకున్నది నాను. అప్పటికింకా కోడి కూయనేదు. కోడి కూసేదాకా ఆదివారమే గదరా."

సూరి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

రాత్రి రెండు గంటలు. నారాయణమ్మ చెప్పింది మంగళవారం రాత్రి రెండు. అమ్మవారి ఘటాల ఊరేగింపు ఊరంతా తిరిగొచ్చేసరికి ఆ వేళవుతుంది. ఆవిడ లెక్కలో అది మంగళవారం చివర. రాసుకున్న సూరి లెక్కలోనూ అంతే. కంప్యూటర్ లెక్కలో మాత్రం అర్ధరాత్రి దాటితే కొత్త రోజు. దానికి మంగళవారం రెండు గంటలంటే సోమవారం అర్ధరాత్రి దాటాక వచ్చే రెండు గంటలు. మిగతా ముప్ఫై పిలుపులూ రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో మొదలయ్యేవి కాబట్టి ఏ లెక్కకైనా ఒకటే అయ్యాయి.

సూరి ఆ బ్రష్షుతోనే బండెక్కాడు. మనవడికి మతి చెడిందనుకుని మరిడమ్మ, అప్పుడే వాకిట్లో దిగిన పంతులుగారినీ ఎక్కించుకుని ఆటోలో వెనకాలే బయల్దేరింది.

రేఖ ఇంటి దగ్గర వరండాలో ఉంది. పక్కనే సగం సర్దిన సంచి ఉంది. సూరి నోట్లో నురగతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చి, పుక్కిలించాక మళ్లీ మొదట్నించీ చెప్పమంది.

"ఊరోడివి కాబట్టే నీకు తప్పనిపించనేదు," అంది అంతా విన్నాక. "నానూ ఊరిదాన్నే. రోజెప్పుడు మారతాదో మిషనుకి మనం సెప్పనేదు. పైథాన్‌లో రాసినా ఇదే జరిగీది."

"ఈ ఆఖరి మాట కాగితం మీద రాసియ్యవా?"

"రాయను," అంది రేఖ. కానీ నవ్వింది. రెండు రోజుల తరవాత ఆ నవ్వు చూసి సూరికి ప్రాణం లేచొచ్చింది.

తరవాత ఆమెకో సందేహం వచ్చింది. పుట్టిన వేళ సంగతి మామ్మ ఇప్పుడెందుకు ఎత్తిందని అడిగింది. సూరి నిజమే చెప్పాడు, బొబ్బిలి సంబంధమని. రేఖ లేచి కంప్యూటర్ ముందుకి వెళ్లి కూర్చుంది. ఆ తరవాత కీబోర్డు మీద పడ్డ దెబ్బలు గుళ్ల మీద పడే దెబ్బల్లాగే ఉన్నాయి. పదకొండు లైన్లలో పని పూర్తయింది. తెల్లవారుజాము ఐదు లోపు ఏ వేళ రాసినా, సైటు దాన్ని ముందు రోజు రాత్రి కిందే లెక్కేసుకుంటుంది. పేజీలో తేదీ అన్నచోట ఇప్పుడు 'ఏ రోజు రాత్రి?' అని ఉంది.

మధ్యాహ్నానికి గురువులు పదకొండుమందీ పెరట్లో చాపల మీద కూర్చున్నారు. నారాయణమ్మ వచ్చింది. నరసింగరావు గారూ వచ్చారు. రేఖ లేచి మాట్లాడబోతే సూరి ఆపి తనే నిలబడ్డాడు.

"ఇది మిషను తప్పు కాదు, రేఖ తప్పు అంతకన్నా కాదు. ఆ రోజు రాసింది నాను. మనూళ్లో మంగళవారమంటే కోడి కూసేదాకా మంగళవారమే. మిషనుకది తెలీదని నాకు తట్టనేదు. నా మూలంగా ఒక ఊరి సంబరం పాడైనాది, గణపతిరావు మావ తల దించుకోవాల్సి వచ్చినాది. సమించండి."

నరసింగరావు గారు మీసం దువ్వుకుని, ఇప్పుడు దానికి తెలిసిందో లేదో తాను చూస్తానన్నారు. గురువారం రాత్రి మూడు గంటలకి గణపతిరావు జట్టుని రాయమన్నారు. రేఖ రాసింది. అదే గురువారం సాయంత్రం ఏడు గంటలకి ఇంకో ఊరి పేరుతో రాయమన్నారు. ఆ రాత్రి జట్టు ఖాళీ లేదని తెర మీద వచ్చింది. బుధవారం రాత్రి తొమ్మిదికి రాయమన్నారు. ఖాళీ ఉందని వచ్చింది. గురువులు ముందుకి జరిగారు. ఒకాయన రాత్రి ఒంటిగంటన్నాడు, ఇంకొకాయన నాలుగున్నరన్నాడు. సైటు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆఖరికి నారాయణమ్మ లేచి తెర దగ్గరికొచ్చింది.

"వచ్చీ ఏడాది మా సంబరానికి ఇప్పుడే రాసీ. మంగళారం రాత్రి రెండుకి. ఈసారి మంగళారమే రండి," అంది.

పెరడంతా గొల్లుమంది. గణపతిరావు తలపాగా విప్పి దులుపుకుని నిటారుగా కట్టుకున్నాడు. గురువులందరూ తమ జట్ల పేర్లు ఉంచమన్నారు. గజపతినగరం వైపు ఇంకో ఆరు జట్లున్నాయనీ, వాటినీ చేర్చాలనీ ఒకాయన అన్నాడు. సైటు నిలబడింది. సూరికి ఆకాశం చేతికందినట్టుంది.

వెనక్కి తిరిగి చూస్తే రేఖ లేదు. వరండాలో అతని మామ్మ, పంతులుగారు కూర్చుని ఉన్నారు. వాళ్లెదట రేఖ నేల మీద కూర్చుని ఉంది.

"బొబ్బిలి అమ్మాయి పుట్టిన వేళ రాసినారు కదా. నాది కూడా రాసుకోండి," అంటోంది పంతులుగారితో. "శనివారం రాత్రి ఒంటిగంటకి పుట్టినాను. రెండూ సూసి, ఏది కుదిరితే అది సెప్పండి. కుదరకపోతే మళ్లీ సూడండి."

పంతులుగారు మరిడమ్మ వంక చూశారు. మరిడమ్మ రేఖని ఎగాదిగా చూసి, బొబ్బిలి కాగితం ఆయన చేతిలోంచి తీసి మడిచి నడుముకి దోపుకుంది. సూరి అక్కడే నిలబడిపోయాడు. రేఖ లేచి అతని దగ్గరికొచ్చింది.

"నువ్వు సెప్తావని ఆర్నెల్లు సూసినాను. ఇంక నావల్ల కానేదు," అంది.

"నువ్వంటే నాకు ప్రాణం, రేఖా. పెట్టె నాలుగు రోజులు ఉంచుకున్నప్పట్నించీ," అన్నాడు సూరి. ఇంత తేలికని తెలిస్తే ఆ పెట్టె తెచ్చిన రోజే చెప్పేసేవాణ్ననిపించింది.

గురువులు భోజనాలు చేసి వెళ్లాక గణపతిరావు వచ్చి కంప్యూటర్ ముందు సూరి పక్కన కూర్చున్నాడు. ఒక పిలుపు రాసుకోమన్నాడు. ఏ ఊరని సూరి అడిగితే మన ఊరేనన్నాడు. ఏ రోజు రాత్రని అడిగితే, శ్రావణంలో రెండో బుధవారం, రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకని, పంతులు ఇప్పుడే లెక్కకట్టి ఇచ్చాడని చెప్పాడు. ఏం సంబరమని అడిగాడు సూరి, అడుగుతుండగానే సగం అర్థమై.

"మా రేఖ పెళ్లి. నీ సైటులో పెళ్లికొడుకు పేరు రాసే గడి నేదేటి?"

సూరి వేళ్లు కీబోర్డు మీద కదల్లేదు. వెనకనుంచి రేఖ వంగి, అతని భుజం మీదుగా చెయ్యి చాచి, ఖాళీగా ఉన్న చోట అప్పలసూరి అని తనే టైపు చేసింది. బుధవారం రాత్రి గణపతిరావు జట్టు ఇంకెవరికీ ఖాళీ లేదని తెర మీద వచ్చింది.